కాంట్రాక్టు కార్మికుడికీ ఓటు, పల్లెకూ లెక్క

సింగరేణి సంస్థ 2024-25 సంవత్సరానికి ప్రకటించిన లాభాల వాటా 34 శాతం. విస్తరణ పెట్టుబడులకు తీసిపెట్టింది పోగా మిగిలిన 2,360 కోట్ల రూపాయల లాభం మీద ఈ శాతం కట్టారు. కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చేది కూడా కలిపితే మొత్తం 819 కోట్లు. పర్మినెంట్ కార్మికుడి వంతుకు సగటున 1,95,610 రూపాయలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికుడికి వచ్చింది 5,500. మంథని నియోజకవర్గంలోని రామగిరి, కమాన్‌పూర్ మండలాల గనుల్లో ఈ ఇద్దరూ ఒకే షిఫ్టులో పనిచేస్తారు, ఒకే దుమ్ము పీలుస్తారు. వాళ్ల జీతాల మధ్య తేడా పెద్దదే. అయినా జీతాల తేడా ముప్పై అయిదు రెట్లు లేదు, వాటాల తేడా అంత ఉంది.

సంస్థ పిసినారితనం చూపిందని ఈ మాట అనడం లేదు. కాంట్రాక్టు కార్మికులకు లాభాల సందర్భంలో ఎంతో కొంత ఇవ్వడం 2024లోనే మొదలైంది. అప్పుడు 5,000, మరుసటి ఏడాది మరో ఐదు వందలు. అంతకుముందు సున్నా. ఆ మేరకు మెచ్చుకోవలసిందే. అసలు తేడా ఆ డబ్బు ఏ ప్రాతిపదికన వస్తున్నదన్న దగ్గర ఉంది. ఒకరికి లాభంలో శాతం. లాభం పెరిగితే ఆ సొమ్మూ పెరుగుతుంది, శాతం పెంచమని బేరమాడే సంఘం ఉంది, ఇవ్వకపోతే అడిగే దారి ఉంది. ఇంకొకరికి ఒక అంకె. అది ఎంత అన్నది హైదరాబాద్‌లో తేలుతుంది, ఎందుకు అంతే అన్నది అడగడానికి కుర్చీ లేదు. సుమారు ముప్పై వేల మందికి పంచిన ఆ సొమ్ము పదహారున్నర కోట్లు, మొత్తం పంపకంలో రెండు శాతం.

ఉద్యోగి సంతృప్తి గురించి, నాయకత్వం గురించి, కంపెనీల సామాజిక బాధ్యత గురించి మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఎంతో రాశారు. మన బొగ్గు ప్రాంతం ఆ మూడింటికీ ముప్పై ఏళ్ల పాఠం తన అనుభవంలోనే నేర్చుకుంది. ఆ పాఠాన్ని సగం మందికే వర్తింపజేసి ఆగిపోవడమే ఇప్పటి సమస్య.

1990లు గుర్తున్నవాళ్లకు ఆ రోజుల సింగరేణి ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. సంస్థ రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. ఏడాదికి వందల సమ్మెలు. బాయి మీద ఓవర్‌మన్ ఒక మాట అంటే షిఫ్టు ఆగేది, మస్టరు పడకపోతే షిఫ్టు ఆగేది, ఒక సంఘం పిలుపిస్తే ఇంకో సంఘం పోటీ పిలుపు ఇచ్చేది. ఎవరితో మాట్లాడితే ఒప్పందం నిలుస్తుందో యాజమాన్యానికి తెలియదు. ఎవరి మాటకు విలువ ఉందో కార్మికుడికి తెలియదు. ఆ స్థితిని మార్చింది ఏ ఒక్క అధికారి మంచితనమో కాదు. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టారు. గెలిచిన సంఘంతో నిర్ణీత కాలానికి ఒకసారి కూర్చుని మాట్లాడే స్ట్రక్చర్డ్ సమావేశాల పద్ధతి స్థిరపడింది. మరుసటి ఏడాది, 1999లో, లాభంలో పది శాతం కార్మికులకు అన్న సూత్రం వచ్చింది. ఆ పది ఈనాటి ముప్పై నాలుగు దాకా పెరగడం వెనక ప్రతి మెట్టులోనూ సంఘాల పోటీ ఉంది, ఎన్నికల వేళ ఇచ్చిన మాటలు ఉన్నాయి, ప్రభుత్వాల రాజకీయ అవసరం కూడా ఉంది. ఎలా వచ్చినా ఒకసారి సూత్రంగా మారినది వెనక్కి పోలేదు.

దీనితోబాటు క్వార్టరు ఉంది, ఏరియా ఆసుపత్రి ఉంది, మెడికల్ అన్‌ఫిట్ అయితే వారసుడికి ఉద్యోగం ఉంది. 2024 ఫిబ్రవరిలో కోటి రూపాయల ప్రమాద బీమా కూడా చేరింది. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మెకు దిగి వారాల తరబడి బొగ్గు ఆపిన కార్మికులు సమ్మె ముగిశాక మళ్లీ అదే బాయిలోకి దిగి ఉత్పత్తి నిలబెట్టారు. తమ సంస్థ అన్న భావం లేనిదే అది జరగదు. తన తండ్రి దిగిన గనిలోకి తానూ దిగాలని ఒక యువకుడు కోరుకుంటున్నాడంటే ఉద్యోగి సంతృప్తికి అంతకన్నా పెద్ద సర్వే ఏముంటుంది?

కానీ ఆ యువకుల్లో ఎక్కువమందికి దొరికేది ఆ ఉద్యోగం కాదు. 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంట్ కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దగ్గర ఉంది. అదే కాలంలో భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి. ఓసీపీలో బొగ్గు మీద ఉన్న మట్టిని తీసే పని, సంస్థలో అందరూ ఓబీ అనే పని, చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. బొగ్గు రవాణా, ఆసుపత్రుల్లో ఊడ్చే పని, కాలనీల్లో పారిశుద్ధ్యం, కాపలా, తోటపని, కన్వేయర్ల కింద పడ్డ బొగ్గు ఎత్తే పని కూడా అటే పోయాయి. ఈ పనులు చేసేవాళ్లు ఎవరో పరాయి వాళ్లు కాదు. రిటైరైన కార్మికుల పిల్లలు, భూమి పోయిన రైతుల పిల్లలు, మంథని చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే బండెక్కి వచ్చే ఆడవాళ్లు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ వేతనాలు ఒప్పుకున్నది 2013లో. అవే తమకూ ఇవ్వాలని 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు నిరవధిక సమ్మెకు దిగారు. కొన్ని చిన్న కోరికలు తీరాయి. అసలు కోరిక అక్కడే ఉంది.

2023 డిసెంబరు 27న గుర్తింపు సంఘం ఎన్నిక జరిగింది. దాదాపు నలభై వేల మంది ఓటర్లలో నూటికి తొంభై మందికి పైగా ఓటేశారు. ఏఐటీయూసీ 1,999 ఓట్ల తేడాతో ఐఎన్‌టీయూసీ మీద గెలిచింది. అసెంబ్లీ ఎన్నికల్లో కూడా ఇంత పోలింగ్ అరుదు. గని కార్మికుడు తన ఓటును ఎంత గట్టిగా నమ్ముకున్నాడో ఆ పోలింగే చెబుతుంది. అదే గనుల్లో పనిచేసే ముప్పై వేల మంది ఆ రోజు కూడా డ్యూటీ చేశారు. వాళ్లకు బ్యాలెట్ లేదు.

ప్రమాదం మాత్రం ఈ జాబితాలు చూడదు. 2020 జూన్ 2న రామగుండం-3 ఏరియా ఓసీపీ-1లో పేలుడు సంభవించి నలుగురు కాంట్రాక్టు కార్మికులు అక్కడికక్కడే చనిపోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలింది. దేశంలోనే ఆధునిక యంత్రాలున్న భూగర్భ గనుల్లో అది ఒకటి. శిథిలాల కింద ప్రాణాలు పోయిన ముగ్గురిలో ఇద్దరు అధికారులు, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. ఆ ఇద్దరిలో ఒకరు ఏరియా సేఫ్టీ ఆఫీసర్. భద్రత చూడవలసిన అధికారి ఆఫీసులో కూర్చోకుండా కార్మికులతోపాటు బాయి లోపల ఉన్నాడు, వాళ్లతోపాటే పోయాడు. నాయకత్వం గురించి ఎవరైనా ఈ ప్రాంతంలో మాట్లాడదలిస్తే ఆ అధికారికి తలవంచి మొదలుపెట్టాలి.

బొగ్గు బాయిలో నాయకత్వం అంటే చైర్మన్ ప్రసంగం కాదు. షాట్ పేల్చే ముందు మనుషులను దూరం పంపే సర్దార్, కప్పును కర్రతో తట్టి శబ్దం విని ఈరోజు ఇక్కడ పని వద్దని చెప్పే ఓవర్‌మన్, టార్గెట్ తగ్గుతుందని తెలిసీ ఆ మాటకు అడ్డురాని మేనేజర్, అదే నాయకత్వం. 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం దీన్ని బాగా అర్థం చేసుకుంది. గనిలో పనిచేసే మనిషి ఎవరి చేతి మీదుగా జీతం తీసుకున్నా ఆ చట్టం కళ్లకు గనిలో పనిచేసే మనిషిగానే కనిపించాడు, అతని భద్రతకు గని యజమానినీ మేనేజరునూ అది పూచీ చేసింది. 1955 గనుల నిబంధనలు పెద్ద గనుల్లో కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉండాలన్నాయి, సేఫ్టీ కమిటీలో కార్మికులు కూర్చోవాలన్నాయి. భద్రత విషయంలో చట్టం గీయని గీతను మాట చెప్పే హక్కు విషయంలో మనం గీశాం. దాని ఫలితం భద్రత మీద పడక తప్పదు. రేపు పనికి రావద్దని కాంట్రాక్టర్ ఒక్క ఫోనులో చెప్పగలిగినప్పుడు, ఈ టిప్పర్‌కు బ్రేకులు సరిగా పడటం లేదని ఎంతమంది డ్రైవర్లు గొంతెత్తుతారు?

ఇక సామాజిక బాధ్యత, అంటే సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్, 2014 ఏప్రిల్ 1 నుంచి, ఒక స్థాయికి మించిన కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలంటుంది. పరిశ్రమ ఉన్న ప్రాంతానికీ చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. తన ఉద్యోగుల కోసమే పెట్టిన ఖర్చు ఇందులోకి రాదు. అంటే చట్టం దృష్టిలో కార్మికుడికి చేసేది వేరు, ఊరికి చేసేది వేరు. మంథని ప్రాంతంలో ఆ రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. భూమి సింగరేణికి పోయిన ఇంట్లోనే కాంట్రాక్టు కార్మికుడు ఉంటాడు, ఆ ఇంటి గోడకే బ్లాస్టింగ్ అదురుకు బీట పడుతుంది.

అమెరికా ఆచార్యుడు ఆర్చీ కారల్ 1991లో కంపెనీ బాధ్యతలను నాలుగు అంతస్తులుగా పేర్చాడు. అడుగున లాభం సంపాదించడం, దాని మీద చట్టానికి లోబడటం, ఆపైన నీతిగా నడవడం, చిట్టచివర దానధర్మం. వేన్ విస్సర్ 2006లో ఆఫ్రికా దేశాల అనుభవం చూసి ఈ వరుస అక్కడ పనిచేయదన్నాడు. ఆఫ్రికాలో లాభం తర్వాతి స్థానం దానానిది, చట్టం దాని వెనక, నీతి అన్నిటికన్నా వెనక. పేదరికం అంతటా ఉన్నచోట, సర్కారు బడీ దవాఖానా అందనిచోట, కంపెనీ కట్టించే బడి అందరికీ కనిపిస్తుంది, కంపెనీ ఎగ్గొట్టిన వేతనం ఎవరికీ కనిపించదు. ఆ వరుసను చదువుతుంటే మన బొగ్గు పల్లెలే కళ్లముందు మెదులుతాయి. బోరు వేస్తే రిబ్బన్ కట్ చేస్తారు, ఫొటో పేపర్లో వస్తుంది. ఈపీఎఫ్ జమ కాని నెలకు ఫొటో లేదు.

ఆ వరుస తిరగబడితే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూసింది. అక్కడి 2002 ఖనిజ చట్టం ప్రకారం ప్రతి గని కంపెనీ సామాజిక, కార్మిక ప్రణాళిక ఇవ్వాలి. శిక్షణ, స్థానిక అభివృద్ధి, కార్మికుల ఇళ్లు అన్నీ అందులో రాసివ్వాలి. కాగితం మీద మన 135వ సెక్షన్ కన్నా అది గట్టి చట్టం, ఎందుకంటే కార్మికుడినీ ఊరినీ అది విడదీయలేదు. మరికానా దగ్గర ప్లాటినం తవ్వే లోన్‌మిన్ కంపెనీ 5,500 ఇళ్లు కట్టిస్తామని అందులో రాసిచ్చింది. 2009 నాటికి కట్టినవి మూడు. అవి కూడా చూపించడానికి కట్టిన నమూనా ఇళ్లు. కార్మికులు రేకుల గుడిసెల్లో, నీళ్లు లేని బస్తీల్లో ఉన్నారు. 2012 ఆగస్టులో రాతిలో డ్రిల్లింగ్ చేసే కార్మికులు నెలకు 12,500 ర్యాండ్ల జీతం అడుగుతూ సమ్మె చేశారు. గుర్తింపు ఉన్న పెద్ద సంఘం వాళ్ల వెంట లేదు. అప్పటికే ఆ సంఘం కింది స్థాయి కార్మికులకు దూరమై, జీతం బాగున్న వాళ్ల సంఘంగా మారిందన్న కోపం వాళ్లలో ఉంది. కంపెనీ వాళ్లతో నేరుగా మాట్లాడలేదు. ఆగస్టు 16న పోలీసులు కాల్చిన తూటాలకు 34 మంది గని కార్మికులు చనిపోయారు. తర్వాత విచారణ జరిపిన ఫార్లమ్ కమిషన్ ఇళ్ల హామీ నిలబెట్టుకోని కంపెనీని తప్పుపట్టింది.

సింగరేణిని లోన్‌మిన్‌తో పోల్చడం లేదు. ఇది ప్రభుత్వ సంస్థ, రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. ఇక్కడ క్వార్టర్లు కట్టారు, ఆసుపత్రులు నడుపుతున్నారు, సేవా సమితి పేరుతో కార్మిక కుటుంబాల ఆడవాళ్లకు కుట్టుపని మొదలు ఎన్నో నేర్పారు. మరికానాలో మనం చూడవలసింది రెండే విషయాలు. హామీ రాసిచ్చినంత మాత్రాన అమలు కాదు, ఊళ్లో ఎవరో ఒకరు లెక్క అడగగలగాలి. గుర్తింపు సంఘం ఉన్నంత మాత్రాన కార్మికులందరి గొంతూ లోపలికి చేరినట్టు కాదు. గోదావరి ఒడ్డున మనకున్న లోపాలూ ఇవే.

లద్నాపూర్, రాచపల్లి లాంటి ఊళ్లు ఓసీపీ-2 విస్తరణలో ఏళ్ల తరబడి నలిగాయి. పరిహారం, పునరావాస ప్యాకేజీ, కట్ ఆఫ్ తేదీ నాటికి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల పేర్లు, వీటి చుట్టూ ధర్నాలు, అర్జీలు. ఇంకా ఊరు కదలని చోట ఓబీ కుప్పలు ఇళ్ల వెనక కొండల్లా లేచాయి. తవ్వకం లోతుకు పోయేకొద్దీ బావుల్లో నీళ్లు దిగిపోతాయని ఈ పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వీటిలో చాలావాటికి నిధుల కొరత లేదు. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులు (డీఎంఎఫ్‌టీ) పెట్టారు. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం వీటిలో జమ కావాలి. గనుల వల్ల నేరుగా దెబ్బతిన్న ప్రాంతాలకు తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం ముందు అని మార్గదర్శకాలు చెబుతాయి. ఇటు సీఎస్ఆర్, అటు డీఎంఎఫ్‌టీ, రెండూ ఈ ప్రాంతం పేరు మీదే పుట్టే సొమ్ము. కానీ ఆ రెండింటి నుంచి తన ఊరికి గత ఏడాది ఎంత వచ్చింది, ఏ పనికి, ఏ గుత్తేదారుకు అని రామగిరి మండలంలో ఒక వార్డు సభ్యుడిని అడిగి చూడండి. ఆ కాగితం గ్రామ పంచాయతీకి రాదు. నిధులు కోల్‌బెల్ట్ దాటి వేరే నియోజకవర్గాలకు పోతున్నాయన్న ఆరోపణ ఏ ప్రభుత్వం ఉన్నా వినిపిస్తూనే ఉంది. లెక్క గోడ మీద రాసి ఉంటే ఆ ఆరోపణ నిజమో అబద్ధమో ఒక్క పూటలో తేలిపోతుంది.

సీఎస్ఆర్ నిబంధనలకు 2021లో వచ్చిన సవరణ ప్రకారం పెద్ద కంపెనీలు కోటి రూపాయలు దాటిన పనుల ఫలితాన్ని బయటి సంస్థతో అంచనా వేయించాలి. ఆ నివేదిక ఇంగ్లిష్‌లో బోర్డు ముందుకు వెళ్తుంది. దాన్ని తెలుగులో గ్రామసభలో చదివించాలని అడగడం అత్యాశ కాదు. సెంటినరీ కాలనీలో 2010 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, మైనింగ్ కోర్సు ఉంది. బావుల నీటిమట్టం, దుమ్ము, బ్లాస్టింగ్ అదురు కొలిచే పని ఆ విద్యార్థులకు ఇచ్చి, ఆ కొలతలను ప్రతి మూడు నెలలకు పంచాయతీ గోడల మీద పెట్టించవచ్చు. దానికయ్యే ఖర్చు ఒక కమ్యూనిటీ హాలు ఖర్చుకన్నా తక్కువ.

కాంట్రాక్టు కార్మికుడి ఓటుకు ఎదురయ్యే వాదనలు నాకు తెలుసు. వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు, సంస్థకు వాళ్లతో సంబంధం లేదంటారు. అలా అయితే 5,500 రూపాయలు సంస్థ ఎందుకు ఇచ్చింది? సంబంధం ఒప్పుకున్నాకే కదా ఆ సొమ్ము చేతికి వచ్చింది. కాంట్రాక్టులు మారుతుంటాయి, ఓటర్ల జాబితా నిలకడగా ఉండదంటారు. కాంట్రాక్టర్ మారినా అదే డంప్ యార్డులో అదే మనిషి పదేళ్లుగా పనిచేస్తున్న సంగతి గని గేటు దగ్గర టీకొట్టు వాడికి కూడా తెలుసు. పీఎఫ్ ఖాతాలు చూస్తే జాబితా తయారవుతుంది. విద్యుత్ సంస్థల నుంచి వేల కోట్లు బకాయిలు రావలసి ఉండగా కొత్త భారం ఎలా మోయాలంటారు. ఈ మాటలో నిజముంది, ఆ బకాయిలు ప్రభుత్వం తీర్చాలి. కానీ ఆ బకాయిల భారం పర్మినెంట్ కార్మికుల 34 శాతాన్ని తగ్గించలేదు. ముప్పై వేల మందిని సూత్రం బయట ఉంచడానికి మాత్రమే అది కారణం కాకూడదు.

పర్మినెంట్ కార్మికుల సంఘాల్లో లోలోపల ఒక భయం ఉంది. వాటాదార్లు పెరిగితే వాటా తగ్గుతుందని. ఆ భయాన్ని నాయకులు ముందు తమలో గెలవాలి. సంఘానికి బలమిచ్చే పర్మినెంట్ మస్టర్లు ఏటేటా తగ్గుతున్నాయి. ఈ లెక్కన ఇంకో పదేళ్లకు గనుల్లో ఎక్కువమంది ఓటు లేనివాళ్లే అవుతారు, అప్పుడు గుర్తింపు సంఘం సమ్మె పిలుపు ఇచ్చినా బొగ్గు ఆగదు. 1998లో ఓటు హక్కు కోసం నిలబడ్డ పాత తరం నాయకులకు ఈ సంగతి బాగా తెలుసు.

అందుకే వచ్చే గుర్తింపు సంఘం ఎన్నికకు నోటిఫికేషన్ ఇచ్చే ముందు యాజమాన్యం, కేంద్ర కార్మిక శాఖ, సంఘాలు కూర్చుని కాంట్రాక్టు కార్మికుల ప్రతినిధులను రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకునే ఏర్పాటు చేయాలి. ఒకే బ్యాలెట్ కుదరకపోతే వేరే బ్యాలెట్ పెట్టండి, కానీ స్ట్రక్చర్డ్ సమావేశాల్లో వాళ్లకు కుర్చీ ఉండాలి. వాళ్ల లాభాల వాటా అంకెగా కాక శాతంగా రావాలి, ఒకటిన్నర శాతంతో మొదలైనా సరే. 2,360 కోట్ల మీద ఒకటిన్నర శాతం అంటే ముప్పై అయిదు కోట్లు, మనిషికి పదకొండు వేల పైచిలుకు. ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం జరుపుతారు. ఈసారి ఆ రోజున ప్రతి ప్రభావిత గ్రామ పంచాయతీకి ఆ ఊరి సీఎస్ఆర్, డీఎంఎఫ్‌టీ లెక్కల కాగితం తెలుగులో అందించమని సంస్థనూ, పెద్దపల్లి జిల్లా కలెక్టర్‌నూ, మంథని ప్రజాప్రతినిధులనూ కోరుతున్నాను. ఆ కాగితం రాకపోతే గ్రామసభలో తీర్మానం చేసి అడగమని సర్పంచులకు మనవి.